తూర్పు కిటికీ పక్కన ఆమె

చెన్ బీజున్ పేరు ఎక్కడ కనిపించినా దాని పక్కన ఒక తోక ఉంటుంది: వాంగ్ జింగ్‌వెయ్ భార్య. వాంగ్ అంటే చైనాలో దేశద్రోహికి మారుపేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం నీడన నాన్‌జింగ్‌లో ప్రభుత్వం నడిపినవాడు. ఆ తోక అబద్ధం కాదు గానీ, తలను మింగేసేంత పెద్దదైపోయింది. టీనేజీలోనే రహస్య విప్లవ సంఘంలో చేరిన అమ్మాయి, రాజప్రతినిధిని చంపడానికి పథకం వేసిన ముఠాలో ఒకర్తె, పార్టీ కేంద్ర పర్యవేక్షణ సంఘంలో సభ్యురాలు, ఒక రాష్ట్రాన్ని పుట్టింటి జాగీరులా నడిపిన మనిషి, న్యాయస్థానంలో ఎదురు ప్రశ్నలు వేసిన ముద్దాయి. వీళ్లందరూ ఒకే ఒక్క ఆడమనిషి. ఇంతమందిని ‘భార్య’ అనే రెండక్షరాల లోపల కుదించడం ఎలా? తెలుగులో భార్యకు సహధర్మచారిణి అని ఇంకో పేరుంది, ధర్మపథంలో కలిసి నడిచేది అని. నడుస్తున్న దారే ధర్మం తప్పిందనుకుందాం. అప్పుడు ఆ మాటలో ఏం మిగులుతుంది? తోడు నడవడం గొప్పా, ఆగిపోవడం గొప్పా? అసలు ముందు నడిచింది ఎవరు? చెన్ బీజున్ కథ ఏ పుటలో తెరిచినా ఈ ప్రశ్న కాలికి అడ్డం పడుతూనే ఉంటుంది.

ఆమె 1891లో పెనాంగ్‌లో పుట్టింది. అప్పుడది బ్రిటిష్ వారి రేవు పట్టణం. చైనా వర్తకుల దుకాణాలు, మలయ్ పల్లెలు, మద్రాసు వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన తమిళ, తెలుగు కూలీలు, అన్నీ ఆ చిన్న దీవి చుట్టూ అల్లుకుని ఉండేవి. తండ్రి చెన్ గెంగ్‌జీ బాగా కలిగిన వ్యాపారి, పూర్వీకులది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం. తల్లి వెయ్ యువెలాంగ్. చింగ్ రాజవంశాన్ని కూలదోయాలని తిరుగుతున్న సన్ యట్‌సెన్‌కి ఇలాంటి ప్రవాసుల ఇళ్లే ఖజానా. ఆయన అనుచరుల్లో మాటకారి, రూపసి, కవి అయిన యువకుడు వాంగ్ జింగ్‌వెయ్. ఆగ్నేయాసియా చైనీయుల మధ్య ఉపన్యాసాలిస్తూ అతను పెనాంగ్ వచ్చినప్పుడు వినడానికి వెళ్లినవాళ్లలో ఈ అమ్మాయి ఉంది. అతనికంటే ఎనిమిదేళ్లు చిన్నది. సన్ యట్‌సెన్ సంఘం తుంగ్‌మెంగ్‌హుయిలో చేరింది. ఇంట్లో కుదిర్చిన మేనరికం వద్దంది. విచిత్రమేమిటంటే తల్లి అడ్డుపడలేదు సరికదా, తానూ ఆ సంఘంలోనే చేరింది. కూతురి చేతికి డబ్బిచ్చి జపాను పంపింది. ప్రేమ ముందు పుట్టిందా, విప్లవం ముందు పుట్టిందా అని చాలామంది ఆరా తీశారు. పదిహేడేళ్ల పిల్లకి ఆ రెండూ విడివిడిగా కనిపించి ఉంటాయా అన్నది అసలు సందేహం.

వరసగా తిరుగుబాట్లు విఫలమై, నాయకులు విదేశాల్లో సుఖంగా కూర్చుని కుర్రాళ్లను చావుకి పంపుతున్నారన్న నింద మొదలైన రోజులవి. ఆ నింద పోగొట్టడానికి వాంగ్ స్వయంగా బీజింగ్ వెళ్లి, బాలచక్రవర్తి పూయీ తరఫున పాలిస్తున్న రాజప్రతినిధి జైఫెంగ్‌ని చంపాలనుకున్నాడు. ముఠాలో ఆడవాళ్లూ ఉన్నారు. చెన్ బీజున్ వాళ్లలో ఒకరు. బీజింగ్‌లో షౌజెన్ అనే ఫొటో స్టూడియో తెరిచారు. ముసుగుగా ఫొటో స్టూడియోని ఎంచుకోవడంలో తెలివి ఉంది. తలుపు మూసిన చీకటి గది, ఘాటు రసాయనాల వాసన, వేళకాని వేళ దీపం వెలగడం... వేరే ఇంట్లో అయితే ఇరుగుపొరుగు అనుమానపడతారు, ఫొటో తీసేవాడి దగ్గర అడిగేవాడుండడు. 1910 వసంతంలో జైఫెంగ్ బండి వెళ్లే దారిలో ఒక చిన్న వంతెన కింద రాత్రిపూట గుంట తవ్వి బాంబు పాతబోయారు. ఎవరి కంటో పడింది. పోలీసులు ఆనవాళ్లు పట్టుకుని వెతుక్కుంటూ స్టూడియో దాకా వచ్చారు. ఏప్రిల్‌లో వాంగ్‌ని, సహచరుడు హువాంగ్ ఫూషెంగ్‌ని పట్టుకున్నారు. అప్పటికి చెన్ బీజున్ ఊళ్లో లేదు, మరిన్ని నిధుల కోసం వెళ్లింది. ఉరి తప్పదనుకున్న నేరానికి రాజప్రభుత్వం యావజ్జీవ శిక్ష వేసింది. ఒక కవికి ప్రాణభిక్ష పెడితే ప్రజల మెప్పు దక్కుతుందని లెక్క కట్టి ఉంటుంది.

ఆ తరవాత ఆమె చేసిన పని కథలా చెప్పుకుంటారు. తిరిగి బీజింగ్ వెళ్లింది. కావలివాళ్లకి లంచమిచ్చి జైల్లోకి కోడిగుడ్లు పంపింది. ఒక గుడ్డులో చీటీ. మనం కలిసి బతికే వీల్లేకపోయినా ఈ క్షణం నుంచి భార్యాభర్తలం అనుకుందాం, నీకు సమ్మతమేనా అన్నది ఆ చీటీ సారాంశం. అతను చదివి, ఎవరికీ దొరక్కుండా మింగేశాడని, జవాబు పద్యంలో రాసి పంపాడని అంటారు. ఇందులో ఎంత జరిగింది, ఎంత అల్లారు? తూకం వేయడం కష్టం. కానీ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల యావజ్జీవ ఖైదీకి తనంతట తాను పెళ్లి ప్రస్తావన తెచ్చింది. పసుపు కుంకుమల లెక్కలు చూసుకునే ఏ సమాజంలోనైనా ఇది మామూలు సాహసం కాదు. తాళి లేకుండానే తాళికి కట్టుబడడం. పట్టుకున్నది విడవని ఈ గుణం ఆమెలో మొదట కనిపించింది ఇక్కడే. చివరిదాకా కనిపించింది కూడా ఇదే. 1911 అక్టోబరులో వూచాంగ్ తిరుగుబాటుతో రాజవంశం కదిలిపోయింది. నవంబరులో వాంగ్ విడుదలయ్యాడు. 1912లో పెళ్లి జరిగింది. పదవులు పంచుకునే వేళ ఈ జంట ఫ్రాన్సు వెళ్లిపోయింది. అప్పట్లో దాన్ని త్యాగమన్నారు.

ఫ్రాన్సులో పిల్లలు, చదువులు, స్నేహాలు. ఆరుగురు బిడ్డల్లో ఒకరు పసితనంలోనే పోయారు. 1917 తరవాత మళ్లీ సన్ యట్‌సెన్ పక్కన పని. 1925లో సన్ మరణశయ్య మీద ఉన్నప్పుడు ఆయన వీలునామా రాసిపెట్టింది వాంగే. ఆ ఏడు జులైలో కాంటన్‌లో ఏర్పడ్డ జాతీయ ప్రభుత్వానికి అధ్యక్షుడూ వాంగే. 1926 జనవరిలో సన్ యట్‌సెన్ పార్టీ కుఒమింటాంగ్ రెండో మహాసభ చెన్ బీజున్‌ని కేంద్ర పర్యవేక్షణ సంఘానికి ఎన్నుకుంది. ఆ పన్నెండుమందిలో ఆడమనిషి ఆమె ఒక్కరే. భర్త చలవ వల్ల దక్కిన కుర్చీ అని ముక్కు విరిచినవాళ్లు ఉండే ఉంటారు. భర్తకి జైల్లో గుడ్లు పంపినప్పుడు ఏ కుర్చీ ఉందని? తోటివాళ్ల జ్ఞాపకాల్లో ఆమె బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది: నోరు జోరు, కోపం ముక్కు మీద, మొహమాటం లేదు, అతిథుల ముందే భర్తని సరిదిద్దుతుంది. వాంగ్ మెత్తనివాడు, నసిగేవాడు, నొచ్చుకునేవాడు. నిర్ణయం ఆమెది, వాక్చాతుర్యం ఆయనది అన్నట్టు రాశారు. అయితే ఆ జ్ఞాపకాలు రాసింది ఎక్కువగా మగవాళ్లు. మగవాడు బల్ల గుద్దితే దృఢత్వమని, ఆడది గుద్దితే గయ్యాళితనమని రాసే కలాలు ఏ దేశంలోనైనా ఉన్నవే. ఆ బొమ్మని ఆ మేరకు తగ్గించి చూడాలి. తగ్గించినా ఆమె మెత్తనిదనిపించుకోదు.

ఆమె జీవితంలోకి కెమెరా రెండోసారి 1935 నవంబరు 1న వచ్చింది. నాన్‌జింగ్‌లో పార్టీ కేంద్ర సంఘం సమావేశం మొదలయ్యే ముందు నాయకులంతా మెట్ల మీద వరసగా నిలబడి గ్రూపు ఫొటో దిగారు. వాంగ్ అప్పుడు ప్రధాని. జపానుతో రాజీ ధోరణి నడుపుతున్నాడని అప్పటికే జనంలో కోపం. పార్టీలో వాంగ్‌కి పోటీదారు, సైన్యాధిపతి చియాంగ్ కై షేక్ ఫొటోకి దిగి రాలేదు. ఫొటో అయిపోయి అందరూ వెనక్కి తిరుగుతుండగా, విలేఖరి వేషంలో ఉన్న సున్ ఫెంగ్‌మింగ్ పిస్తోలు తీసి వాంగ్‌ని కాల్చాడు. పాతికేళ్ల కిందట ఫొటో స్టూడియో చాటున బాంబు చేసినవాడి మీదకి ఫొటోగ్రాఫర్ల గుంపులోంచి తూటా వచ్చింది. చెన్ బీజున్ పరిగెత్తుకొచ్చి నేల మీద పడున్న భర్త పక్కన కూర్చుంది. తరవాత చియాంగ్ దగ్గరకి వెళ్లి, ఈయన పనికిరాడనుకుంటే ఆ మాట చెప్పొచ్చుగా, ఇలా చేయించడం ఎందుకని నిలదీసిందంటారు. చియాంగ్ చేయించలేదని తరవాత తేలింది. కానీ ఆ అనుమానం పోలేదు. మూడు తూటాల్లో ఒకటి వెన్ను దగ్గర లోపలే ఉండిపోయింది. రాజకీయాల్లో కొన్ని తెగతెంపులు సిద్ధాంతాల వల్లే జరిగాయనుకుంటాం. ఎన్నింటి అడుగున ఇలాంటి తూటా ముక్క ఒకటి మిగిలి ఉంటుందో!

1937లో జపాను పూర్తి యుద్ధానికి దిగింది. డిసెంబరులో నాన్‌జింగ్ పడిపోయింది. ఆ నగరంలో జరిగిన ఊచకోత ప్రపంచానికి తెలుసు. ప్రభుత్వం చోంగ్‌చింగ్ కొండల్లోకి వెళ్లింది. గెలవలేని యుద్ధంలో దేశం బూడిదవుతోందని, సంధి తప్ప దారి లేదని వాంగ్ నమ్మాడు. రహస్య దూతలు షాంఘైలో జపాను అధికారులతో మాట్లాడారు. పార్టీలో రెండో స్థానం వదిలి, శత్రువుతో సంధికి బయటికి నడవాలా వద్దా అని వాంగ్ ఊగిసలాడాడు. ఆ ఊగిసలాటకి తెర దించింది భార్యేనని సన్నిహితులు చెప్పారు. 1938 డిసెంబరు 18న చోంగ్‌చింగ్ వదిలి కున్మింగ్ చేరారు, మర్నాడు హనోయ్. నెలాఖరులో సంధి కోరుతూ బహిరంగ తంతి. పార్టీ వాంగ్‌ని వెలివేసింది. 1939 మార్చి 21 తెల్లవారుజామున చోంగ్‌చింగ్ పంపిన హంతకులు హనోయ్ ఇంట్లో జొరబడి కాల్చారు. చనిపోయింది వాంగ్ కాదు, పక్క గదిలో ఉన్న కార్యదర్శి జెంగ్ జోంగ్‌మింగ్. అతని భార్య, చిత్రకారిణి ఫాంగ్ జున్‌బీ గాయపడింది. ఫ్రాన్సు రోజుల నుంచి ఒకే కుటుంబంలా బతికినవాళ్లు. ఇక వెనక్కి వెళ్లడమంటే ఆ శవాన్ని దాటి వెళ్లాలి. పంతానికి దుఃఖం తోడైతే అది నిజాయితీలా కనిపించడం మొదలవుతుంది. ఆమెకి అలాగే కనిపించి ఉంటుందా?

కనిపించినా సరే, ఒక తేదీ దగ్గర ఆగక తప్పదు. 1940 జనవరిలో వాంగ్ బృందంలోని గావ్ జోంగ్‌వూ, తావ్ షిషెంగ్ అనే ఇద్దరు విడిపోయి హాంకాంగ్ చేరి, జపాను పెట్టిన రహస్య షరతులను పత్రికకెక్కించారు. సైన్యం ఉంటుంది, ఆర్థిక పట్టు ఉంటుంది, పేరుకి మాత్రం ప్రభుత్వం ఉంటుంది. సంధి అని నమ్మించిన దాని అసలు రూపు అందరికీ తెలిసింది. తెలిసి ఆగినవాళ్లున్నారు. మార్చి 30న నాన్‌జింగ్‌లో ప్రభుత్వం ఏర్పడింది, ఊచకోత జరిగి గట్టిగా రెండున్నరేళ్లు కూడా కాలేదు. చెన్ బీజున్ ఆగలేదు. కొత్త ప్రభుత్వంలో ఆమె చుట్టూ చేరినవాళ్లని ‘బంగళా ముఠా’ అనేవారు, అదే ప్రభుత్వంలోని జౌ ఫోహాయ్ ముఠాతో వాళ్లకి నిత్యం రాపిడే. పుట్టింటివారి గ్వాంగ్‌డాంగ్ ఆమె ఇలాకా అయింది. తమ్ముడు చెన్ యావ్‌జూ గవర్నరు. 1944లో అతన్ని హత్య చేస్తే బంధువు చెన్ చున్‌పూ, ఆ తరవాత మరిది చూ మిన్యీ ఆ గద్దెనెక్కారు. ఆమె హోదా పైనుంచి రాజకీయ మార్గదర్శనం చేయడం, అంటే పగ్గాలు ఆమెవే. 1943లో గ్వాంగ్‌డాంగ్‌ని కరువు కుదిపేసింది. ఆ ఏడు నవంబరులోనే టోక్యోలో జపాను పెట్టిన మహా తూర్పు ఆసియా సమావేశంలో వాంగ్ ఒక దేశాధినేతగా కూర్చున్నాడు. మన సుభాస్ చంద్ర బోస్ పరిశీలకుడిగా ఆ సభలోనే ఉన్నాడు. జపాను చేయి పట్టుకోవడం ఒకరి కథలో ఒకలా, ఇంకొకరి కథలో ఇంకోలా ఎందుకు నిలిచిందన్నది పెద్ద చర్చ. ఒక తేడా మాత్రం కంటికి కనిపిస్తుంది: బోస్ దేశాన్ని ఏలుతున్నది జపాను కాదు, వాంగ్ దేశాన్ని తొక్కుతున్నది జపానే.

ఇంతకీ తోసింది ఎవరు? చైనాలో ఈ ప్రశ్నకి జవాబు ముందే తయారై ఉంది. హాంగ్‌జౌలో యువె ఫెయ్ అనే సేనాని సమాధి ముందు ఇనప విగ్రహాలు మోకాళ్ల మీద ఉంటాయి. పన్నెండో శతాబ్దంలో అతన్ని చంపించిన మంత్రి చిన్ హుయి, అతని భార్య అందులో ఉన్నారు. తూర్పు కిటికీ పక్కన కూర్చుని మంత్రి తటపటాయిస్తుంటే, పట్టిన పులిని వదలొద్దని భార్య నూరిపోసిందని ఐతిహ్యం. యుద్ధకాలంలో జనం వాంగ్ జింగ్‌వెయ్ దంపతులకీ అలాంటి మోకాళ్ల బొమ్మలే చేశారు. జంట బొమ్మలు. మనకి ఇది కొత్తేమీ కాదు. దశరథుడు ఇచ్చిన మాట కంటే కైకేయి అడిగిన వరమే మనకి ఎక్కువ గుర్తు. కైకేయి కూడా చాలదని మంథరని తెచ్చుకున్నాం. చెడు నిర్ణయం వెనక ఒక ఆడగొంతు వినిపిస్తే కథకి సుఖం, మగవాడి తప్పు సగం తేలికవుతుంది. మరి దీన్ని తిరగేసి, పాపం భర్త వెంట నడిచింది, పతివ్రత అనేద్దామా? అదీ అంతే అన్యాయం. మొదటిది వాంగ్‌ని తప్పిస్తుంది, రెండోది ఆమెని తప్పిస్తుంది. పెనాంగ్ నుంచి బాంబు దాకా సొంత బుద్ధితో నడిచిన మనిషి, నాన్‌జింగ్ దగ్గరకి వచ్చేసరికి బుద్ధి లేని నీడ ఎలా అవుతుంది?

వాంగ్ 1944 నవంబరు 10న జపానులోని నగోయా ఆసుపత్రిలో పోయాడు. నాన్‌జింగ్ శివార్లలో సన్ యట్‌సెన్ సమాధికి దగ్గరగా పూడ్చారు. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయినప్పుడు చెన్ బీజున్ కాంటన్‌లో ఉంది. చోంగ్‌చింగ్ రమ్మని చియాంగ్ పేరిట తంతి వచ్చింది. పాత పరిచయాలు పనికొస్తాయనుకుంది కాబోలు, చియాంగ్ భార్యకి కానుకగా ఒక బుట్ట పళ్లు కొనుక్కుని మరీ బయల్దేరిందని చెబుతారు. తంతి ఒక ఉచ్చు. పళ్లబుట్టతోనే పట్టుబడింది. 1946 జనవరిలో వాంగ్ సమాధిని మందుపాతర పెట్టి పేల్చేశారు. ఏప్రిల్‌లో సూజౌలో విచారణ. ముద్దాయి తలొంచలేదు. వాంగ్ చేతిలో ఒక్క అంగుళం నేల కూడా పోలేదని, జపాను ఆక్రమించిన ప్రాంతాలన్నీ చోంగ్‌చింగ్ సైన్యం వదిలేసి పారిపోయినవేనని, కాంటన్ చేజారింది ఎవరి వల్లో న్యాయస్థానమే చెప్పాలని నిలదీసింది. హాలు నిండా జనం. నవ్వులు, చప్పట్లు కూడా వినిపించాయని, కొందరు ఆమె సంతకం కోసం కాగితాలు చాచారని రాశారు. ఏప్రిల్ 22న యావజ్జీవ శిక్ష పడింది. అప్పీలు చేయనంది. తుపాకీకి ఎదురు నిలిచే ధైర్యం తనకుందని, జైల్లో కూర్చునే ఓపిక మాత్రం లేదని అన్నట్టు చెబుతారు. ఉన్న ధైర్యం అక్కరకు రాలేదు. లేని ఓపికతో పదమూడేళ్లు గడపాల్సి వచ్చింది.

జైల్లో ఆమె చుట్టూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1946 జూన్‌లో, వాంగ్ తరవాత ప్రభుత్వానికి పెద్దయిన చెన్ గోంగ్‌బోని కాల్చడానికి తీసుకెళ్తుంటే, అతను ఆమె గది దగ్గర ఆగి తను వాడుకునే చిన్న టీ కుండని చేతిలో పెట్టి సెలవు తీసుకున్నాడంటారు. ఆగస్టులో మరిది చూ మిన్యీ. ఆమె భర్త కవితలని చేత్తో నకలు రాస్తూ కూర్చునేదట. ఆ సంపుటి పేరు షువాంగ్‌జావ్‌లౌ, ఇద్దరి మీదా వెన్నెల పడే మేడ అని. యుద్ధం విడదీసిన భార్యాభర్తల మీద ప్రాచీన కవి దూ ఫూ రాసిన కవితలోంచి పుట్టిన పేరు. 1949లో ప్రభుత్వం మారింది, ఆమెని షాంఘైలోని తిలాన్‌చియావ్ జైలుకి మార్చారు. సన్ యట్‌సెన్ భార్య సుంగ్ చింగ్‌లింగ్, పాత సహచరి హె షియాంగ్‌నింగ్ మావో దగ్గర ఆమె కోసం మాట్లాడారని, తప్పు ఒప్పుకుంటూ నాలుగు ముక్కలు రాసిస్తే విడుదల చేస్తామన్నారని చెబుతారు. ఆమె రాయలేదు. మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో తేలని చోటు ఇది. ఒకప్పుడు గుడ్డులో దాచిన చీటీ మీద రాసిన మాటకి కట్టుబడ్డ మనిషి, ఈ కాగితం మీద మాత్రం కలం పెట్టలేదు. రెండింటిలోనూ ఉన్నది అదే మొండితనం. అది విప్లవానికి తోడైనప్పుడు త్యాగమయింది, శత్రు సైన్యానికి తోడైనప్పుడు ద్రోహమయింది. నిలకడ దానంతట అది సుగుణం కాదని, దేని మీద నిలబడ్డారన్నదే చూడాలని ఇంతకంటే స్పష్టంగా చెప్పే జీవితాలు తక్కువ.

న్యాయస్థానంలో ఆమె చెప్పిన లెక్కలో నేల ఉంది, అంగుళాలతో సహా. ఆ నేల మీద బతికిన మనుషులు లేరు. గ్వాంగ్‌డాంగ్ కరువు లేదు, నాన్‌జింగ్ శవాలు లేవు, 1940 జనవరిలో అందరూ చదివిన షరతులు లేవు. ఆ వాదన ఎంత పదునైనదైనా కూలేది ఇక్కడే. ఆ లెక్క ఆమె సొంతం, మొగుడి చాటున దాచేది కాదు. ఆమెకి ఇవ్వాల్సిన గౌరవం, వేయాల్సిన శిక్ష రెండూ అదే: తూర్పు కిటికీ పక్క నుంచి లేపి, సొంత పేరుతో బోనులో నిలబెట్టడం. చెన్ బీజున్ 1959 జూన్ 17న జైలు ఆసుపత్రిలో అరవై ఏడేళ్ల వయసులో చనిపోయింది. పిల్లలెవరూ దగ్గర లేరు. బూడిదని మరుసటి ఏడు హాంకాంగ్ తీరంలో సముద్రంలో కలిపారు.